నేలలో కుళ్లని గుంజ కోసం

కొయ్య గుంజలు పాతి వేసిన పశువుల కంచెలో సాధారణంగా తీగకన్నా ముందు గుంజ చెడుతుంది. గుంజ కూడా అంతా ఒకేసారి చెడదు. నేలమట్టం దగ్గర, జానెడు మేర మాత్రం ముందు కుళ్లుతుంది. పైభాగం వానకు తడిసినా ఎండకు ఆరిపోతుంది. బాగా లోతున గాలి చాలదు కాబట్టి కొయ్యను తినే శిలీంధ్రాలు అక్కడ పెరగలేవు. తడి, గాలి రెండూ దొరికేది ఆ మధ్య భాగంలోనే. చెదపురుగు ఎక్కేదీ అక్కడినుంచే. కంచె గుంజల చరిత్ర అంతా ఆ జానెడు మేరను కాపాడుకోవడానికి రైతులు పడ్డ పాట్ల చరిత్ర. పరిష్కారం మొదట చెట్టు చేవలో దొరికింది, చెట్లు లేని చోట రాతిలో దొరికింది, చివరికి రసాయనంలో దొరికింది. ఆ రసాయనాన్ని తయారుచేసిన వ్యక్తి పేరు శొంఠి కామేశం.

చెట్టు మానులో నడిమి ముదురు భాగం చేవ. దాని చుట్టూ తెల్లటి మెత్తని కొయ్య ఉంటుంది. కొన్ని జాతుల చేవలో శిలీంధ్రాలకు, పురుగులకు గిట్టని పదార్థాలు సహజంగానే ఉంటాయి. తెల్లకొయ్య మాత్రం ఏ చెట్టుదైనా మట్టిలో త్వరగా పాడవుతుంది. అందుకే పాతకాలపు రైతు తెల్లకొయ్యను చెక్కేసి చేవనే గుంజగా పాతేవాడు. అడుగుభాగాన్ని నిప్పుల్లో కాల్చి పాతే అలవాటు చాలా దేశాల్లో ఉండేది. కాల్చినందువల్ల గుంజ మన్నిక పెద్దగా పెరగదని తరువాతి పరీక్షల్లో తేలింది.

చేవగల గుంజకు అమెరికాలో పేరుపడ్డ చెట్టు ఓసేజ్ ఆరెంజ్. టెక్సాస్, ఓక్లహోమా, ఆర్కన్సా ప్రాంతాల్లో సహజంగా పెరిగే ముళ్లచెట్టు ఇది. ఓసేజ్ తెగవారు దీని కొయ్యతో విల్లులు చేసుకునేవారు. 1840ల నుంచి ఇల్లినాయ్‌లో జొనాథన్ బాల్డ్విన్ టర్నర్ దీన్ని ప్రాణకంచెగా పెంచమని రైతుల్లో ప్రచారం చేశాడు. గుర్రం దూకనంత ఎత్తు, ఎద్దు తోసుకు రాలేనంత బలం, పంది దూరలేనంత చిక్కదనం ఉంటే మంచి కంచె అని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. ముళ్లతీగ వచ్చాక ప్రాణకంచె అవసరం తగ్గింది, చెట్టు విలువ మాత్రం తగ్గలేదు. దాన్నే నరికి గుంజలుగా వాడారు. దశాబ్దాల తరబడి నిలిచే ఈ గుంజకు ఉన్న ఒక్క చిక్కూ దాని గట్టిదనమే. ఎండితే మేకు దిగదు కాబట్టి పచ్చిగా ఉండగానే కొట్టాలి, లేదంటే తీగను చుట్టి కట్టాలి.

జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు 1874 నవంబరు 24న పేటెంటు వచ్చింది. ఆ ఏడాది దేశమంతటా తయారైన ముళ్లతీగ సుమారు 10,000 పౌన్లు. 1880 నాటికి అది 8 కోట్ల పౌన్లు దాటింది. చీల్చిన దుంగలను వంకరగా పేర్చే పాత కంచెకు అడవికి అడవే కావాలి. తీగ కంచెకు కొన్ని అడుగులకొక గుంజ చాలు. కాన్సాస్ మైదానాల్లో ఆ గుంజకు కూడా చెట్టు లేదు. వాగుల వెంబడి తప్ప అంతా గడ్డి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు పొందిన రైతు దూరం నుంచి రైల్లో వచ్చే గుంజలను కొనలేకపోయాడు. పైరును కాపాడుకునే బాధ్యత పైరు యజమానిదే అన్న పాత పద్ధతిని కూడా అక్కడ 1872లో వచ్చిన చట్టం మార్చింది. దాన్ని అమలులోకి తెచ్చుకున్న కౌంటీల్లో పశువులను అదుపులో ఉంచాల్సింది పశువుల ఆసామే. 

కాన్సాస్ రైతుకు గుంజ కాళ్ల కిందే దొరికింది. ఆ రాష్ట్రపు ఉత్తర మధ్య భాగంలో పైమట్టికి కొద్ది అడుగుల లోతున ఒక సున్నపురాయి పొర ఉంది. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఉన్న సముద్రపు అడుగున ఏర్పడిన పొర అది. మందం చాలాచోట్ల 8 నుంచి 12 అంగుళాలే. అంటే రాయికి రెండు ముఖాలు ప్రకృతే చదును చేసి ఉంచింది. పైగా తవ్వి తీసిన కొత్తలో మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఈ గుణం లేకపోతే మామూలు రైతు చేతి పనిముట్లతో దాన్ని కోయగలిగేవాడు కాదు. మట్టి తొలగించి, రాతిమీద వరసగా రంధ్రాలు తొలిచేవారు. ఒక్కో రంధ్రంలో రెండు ఇనుప బద్దలు దించి, వాటి మధ్య చీల పెట్టి, వరసలోని చీలలన్నిటినీ ఒకదాని తరువాత ఒకటిగా కొంచెం కొంచెం కొట్టుకుంటూ వెళితే రాయి గీత గీసినట్టు చీలేది. అయిదారు అడుగుల పొడవున్న ఒక్కో గుంజ బరువు 110 నుంచి 200 కిలోల దాకా ఉండేది. తీగ జారకుండా అంచున గాడి కోసేవారు. ఈ గుంజ కుళ్లదు, చెదపట్టదు, గడ్డి మైదానంలో కార్చిచ్చు వచ్చినా కాలిపోదు. 1880ల నుంచి 1920 దాకా ఇవే ఆ ప్రాంతపు కంచెలను మోశాయి. ఇప్పటికీ రహదారుల పక్కన వరసలు నిలిచే ఉన్నాయి. లాక్రాస్ ఊళ్లో వాటికోసం ఒక మ్యూజియం ఉంది.

దక్కన్‌లోనూ ఇదే తర్కం నడిచింది. తెలంగాణ, రాయలసీమల్లో నల్లరాతిని సమ్మెట, ఉలి, చీలలతో చీల్చి కడీలు తీయడం వడ్డెరల పని. పొలాల గట్ల మీద, తోటల చుట్టూ ఆ రాతి కడీలు నేటికీ కనిపిస్తాయి. ఇవి సున్నపురాయికన్నా చాలా గట్టివి కాబట్టి పని మరింత కష్టం, నైపుణ్యం మరింత అవసరం.

రాయి బరువు, ఇనుము ఖరీదు. కొయ్యను చవగ్గా కాపాడే మార్గం కోసం ఐరోపాలో 19వ శతాబ్దం నుంచే ప్రయోగాలు జరిగాయి. 1838లో జాన్ బెథెల్ బొగ్గుతారు నుంచి తీసిన నూనెను కొయ్యలోకి ఒత్తిడితో ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. రైలు స్లీపర్లకు అది బాగా పనికొచ్చింది. మైలుతుత్తం వంటి లవణాలు ఇంకా చవక. అయితే నీటిలో కరిగే మందు వానకు కారిపోతుంది. రుతుపవనాల దేశంలో ఇది చిన్న లోపం కాదు.

శొంఠి కామేశం పట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కునే. జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫాల్క్‌తో కలిసి ఆయన మొదట ఆర్సెనిక్, క్రోమియం మిశ్రమం ఒకటి తయారుచేశారు. తరువాత 1933లో, డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, దానికి రాగిని చేర్చారు. రాగి శిలీంధ్రాలను ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగులను చంపుతుంది. క్రోమియం ఆ రెండింటినీ కొయ్యలోనే కరగని రూపంలోకి మార్చి పట్టి ఉంచుతుంది. ఈ మూడో పనిలోనే ఉంది ఆవిష్కరణ గొప్పదనమంతా. ‘ఆస్కూ’ అన్న పేరుతో వచ్చిన ఈ మందుకు 1938లో అమెరికా పేటెంటు దక్కింది. టెలిఫోన్ స్తంభాలతో మొదలై అది ప్రపంచమంతా పాకింది. పచ్చటి ఛాయతో కనిపించే మందు గుంజలు చాలావరకు ఆ సూత్రం నుంచి పుట్టినవే.

దీని ప్రభావం బాగా తెలిసేది న్యూజిలాండ్‌లో. అక్కడి తొలి గొర్రెల పెంపకందారులు టొటారా చెట్టు చేవను చీల్చి గుంజలు పాతారు. మావోరీలు పడవలు చెక్కిన చెట్టు అది. అడవులు తరిగిపోయాక మిగిలింది 1920, 30లలో తోటలుగా నాటిన రేడియాటా పైన్. దాని గుంజ మందు లేకుండా మట్టిలో కొన్నేళ్లే ఉంటుంది. 1950ల నుంచి కామేశం మందు ఎక్కించాక అదే గుంజ దశాబ్దాలు నిలబడింది. పాత లెక్క ఇక్కడ పూర్తిగా తిరగబడింది. మందు చేవలోకి సరిగా ఎక్కదు, తెల్లకొయ్యలోకి తేలిగ్గా ఎక్కుతుంది. అందువల్ల ఒకప్పుడు చెక్కి పారేసిన తెల్లకొయ్యే గుంజకు కవచమైంది. నలుపలకలుగా కోసిన గుంజలో ఒక పక్క చేవ బయటపడే వీలుంది. గుండ్రటి గుంజకు చుట్టూ మందు పట్టిన పొర తెగకుండా ఉంటుంది. కంచెకు గుండ్రటిదే మేలు. బిగించిన తీగల లాగుడంతా మూల గుంజల మీదే పడుతుంది కనుక అన్నిటికన్నా లావైనవి అక్కడ పెట్టి, మూడడుగుల దాకా పాతి, ఊతకర్ర ఇస్తారు.

ఆర్సెనిక్ విషం. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్లకు వాడే చాలా రకాల కలపకు ఈ మందు ఎక్కించడం ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో 2006 నుంచి ఆటస్థలాలు, ఇంటి అరుగుల వంటివాటికి నిషేధించారు. పొలం కంచె గుంజలకు రెండుచోట్లా అనుమతి ఉంది. ఇలాంటి పాత గుంజను వంటచెరకుగా గాని, చలిమంటకు గాని వాడకూడదు. కాలితే ఆర్సెనిక్ చాలావరకు బూడిదలో మిగిలిపోతుంది, ఆ బూడిద నాకిన పశువు చచ్చిపోవచ్చు.