దోప్దికి ఆ పేరు ఎవరు పెట్టారు?



మహాశ్వేతా దేవి బెంగాలీలో రాసిన 'ద్రౌపది' కథ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. 1978లో వచ్చిన 'అగ్నిగర్భ' సంపుటిలో ఉంది. 2021లో ఢిల్లీ యూనివర్సిటీ దీన్ని ఇంగ్లిష్ సిలబస్ నుంచి తీసేశాక మళ్ళీ చర్చకొచ్చింది.

కథ 1971 నాటిది. దోప్ది మెఝెన్ సంతాల్ కూలి. కరువులో బావి నీళ్ళివ్వని భూస్వామి సూర్జా సాహును చంపిన కేసులో ఆమె కోసం సైన్యం అడవంతా వెతుకుతుంది. మొదటి పేజీలోనే ఆమె పేరు మీద ఇద్దరు మిలటరీ వాళ్ళకు వాదన. లిస్టులో ద్రౌపది అని ఉంది, జనం దోప్ది అంటున్నారు. ద్రౌపది అన్న పేరు పెట్టింది ఎవరో కాదు, ఆ సాహు భార్యే. తల్లి వాళ్ళింట్లో వడ్లు దంచిన ఏడాది పుట్టింది కదా! మనలో ఎంతమందికి ఇంట్లో ఒక పేరు, బడి హాజరుపట్టీలో ఇంకో పేరు?

భారతంలో ద్రౌపదికి కృష్ణుడు చీరలిచ్చాడు. దోప్దికి ఎవరూ రారు. రాత్రంతా అత్యాచారం చేసి, పొద్దున బట్ట కట్టుకోమంటే ఆమె కట్టుకోదు, చించేస్తుంది. అలాగే సేనానాయక్ ఎదుటకు నడుస్తుంది. ఆయుధం లేని మనిషిని చూసి అతను మొదటిసారి భయపడతాడు. అతను బాగా చదువుకున్నవాడే. ఎప్పటికైనా ఈ కూలీల పక్షాన రాద్దామని కూడా అనుకుంటాడు! ఇలాంటి పెద్దమనుషులు మనకు కొత్తేం కాదు.

గొప్ప కథే, కాదనను. కానీ ఒక పేచీ ఉంది. అతని భయం దగ్గర కథ ఆగిపోతుంది, చదివినవాళ్ళు చప్పట్లు కొడతారు. మర్నాడు దోప్ది ఎలా బతికింది?

ఆ మర్నాడు ఎలా ఉంటుందో వాకపల్లిని అడగాలి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్ళో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విచారణ మొదలవడానికే పదేళ్ళు దాటింది. అన్నేళ్ళూ వాళ్ళు అదే ఊళ్ళో పిల్లల్ని పెంచుతూ, పోడు చేసుకుంటూ, అదే మాట మీద నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు పోలీసులందరినీ నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదు కాబట్టి ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఉంది.

మీలో కువి మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఈ సంగతి ఇంట్లో పెద్దల దగ్గర విని ఉంటే, వాళ్ళ మాటల్లోనే ఇక్కడ రాయండి.