యానాం నుంచి పుదుచ్చేరికి దూరమెంత? విమానంలో వెళితే ఎంతసేపు?

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా పరిపాలన బంధం పుదుచ్చేరితోనే కొనసాగింది. సచివాలయం, శాసనసభ, జిప్మర్ ఆసుపత్రి, కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నీ అక్కడే. హైకోర్టు పని పడితే చెన్నై వెళ్లాలి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, రాజధాని చుట్టూ మాత్రం తమిళనాడు. అందుకే ఈ దూరం లెక్క మనవాళ్లకు తరచూ అవసరమవుతుంది.

దూరం

మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 590 కిలోమీటర్లు. రోడ్డు మీద విజయవాడ, నెల్లూరు, చెన్నై మీదుగా 800 కిలోమీటర్ల పైమాటే. సొంత కారులో కనీసం 14, 15 గంటలు పడుతుంది.

విమాన సమయం

590 కిలోమీటర్లను జెట్ విమానం గంటంపావులో దాటేస్తుంది. కానీ యానాంలో విమానాశ్రయం లేదు. దగ్గర్లో ఉన్నది రాజమహేంద్రవరం పక్కన మధురపూడి. అక్కడి నుంచి చెన్నైకి ఆకాశమార్గాన సుమారు 490 కిలోమీటర్లు, ప్రయాణం గంటన్నర. ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఇలా ఉంటుంది:

- యానాం నుంచి మధురపూడికి రోడ్డు మీద: 2 గంటలు
- ముందుగా చేరడం, తనిఖీలు: గంటన్నర
- చెన్నైకి విమానం: గంటన్నర
- దిగి సామాను తీసుకుని బయటపడడం: అరగంట
- చెన్నై నుంచి పుదుచ్చేరికి కారులో: 3 గంటలు

మొత్తం ఎనిమిదిన్నర గంటలు. అందులో గాలిలో ఉండేది గంటన్నరే.

హైదరాబాద్‌లో విమానం మారి నేరుగా పుదుచ్చేరిలో దిగే దారీ ఉంది. అయితే ముందు పడమరకు 360, తర్వాత దక్షిణానికి 600 కిలోమీటర్లు ఎగరాలి. రెండు విమానాల మధ్య నిరీక్షణ ఎక్కువైతే చెన్నై దారే నయం. పుదుచ్చేరి చిన్న విమానాశ్రయం, సర్వీసులు తక్కువ, వేళలు మారుతుంటాయి. టికెట్ కొనేముందు ఆ వారం వేళలు చూసుకోండి.

రైలు

యానాం నుంచి కాకినాడ 30 కిలోమీటర్లు. కాకినాడ పోర్టు నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయల్దేరి తెల్లవారేసరికి చెన్నై ఎగ్మోర్ చేరుతుంది. అక్కడి నుంచి బస్సులో మరో నాలుగు గంటలు. మొత్తం దాదాపు 20 గంటలైనా ఖర్చు తక్కువ, రాత్రి నిద్రా దొరుకుతుంది.

వెళ్లేముందు

ఒక్క సంతకం కోసం వెళ్లినా రానూపోనూ కనీసం రెండు రోజులు పోతాయి. రోజుకూలీకి అది రెండు రోజుల సంపాదన. అందుకే ఆ పని యానాం ప్రాంతీయ పరిపాలనాధికారి కార్యాలయంలోనే అవుతుందేమో మొదట అడగండి. వెళ్లక తప్పకపోతే అధికారి ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. అసలు పత్రాలతో పాటు రెండేసి నకళ్లు పెట్టుకోండి. శని, ఆదివారాలే కాక తమిళ పండుగల సెలవులూ చూసుకోండి. పొంగల్, దీపావళి రోజుల్లో చెన్నై దారిలో సీట్లు దొరకడం కష్టం.

రోగితో వెళ్లేవారు విమాన సమయాన్ని కాక మొత్తం ఎనిమిదిన్నర గంటలను లెక్కలోకి తీసుకోవాలి. అంతసేపు కూర్చోగలరో లేదో డాక్టరును అడిగాకే టికెట్ కొనండి.