గుమ్మం మీద ‘ఉచితం’

సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు మన బడి జ్ఞాపకాలు రాస్తాననే అనుకుని ఉంటారు. వాటిని నాకంటే బాగా రాయగలవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. నేను ఇంకో బడి చరిత్ర చెబుతాను. అది రోమ్ నగరంలో ఉంది. ఇప్పుడు దాని పేరు పాంటిఫికల్ గ్రెగోరియన్ విశ్వవిద్యాలయం. వందకు పైగా దేశాల నుంచి క్యాథలిక్ గురువులు, సిస్టర్లు, గురుత్వానికి తయారవుతున్న యువకులు అక్కడికి వచ్చి చదువుతారు. కొందరు పోపులు కూడా ఆ విద్యాలయం విద్యార్థులే.

అంతటి సంస్థ ఒక అద్దె ఇంట్లో మొదలైంది. 1551 ఫిబ్రవరి 18న, రోమ్‌లోని కాపిటోలిన్ గుట్ట కింద, జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా దాన్ని తెరిచారు. గుమ్మం మీద బోర్డు పెట్టారు: వ్యాకరణం, సాహిత్యం, క్రైస్తవ బోధన నేర్పే పాఠశాల, ఉచితం. చాలా కుటుంబాలకు చదువంటే డబ్బు పెట్టి కొనుక్కోవాల్సినదే అయిన కాలంలో ఆ చివరి మాట చిన్నది కాదు.

ఉచితం అన్నంత మాత్రాన ఖర్చు ఉండదా? ఉపాధ్యాయులకు తిండి, ఇంటికి అద్దె, పుస్తకాలకు వెల ఎవరో ఒకరు పెట్టుకోవాలి. మొదట ఫ్రాన్సిస్ బోర్జియా అనే స్పెయిన్ ప్రభువు డబ్బిచ్చారు. 1556లో పట్టాలిచ్చే అధికారం వచ్చినా అప్పులు తీరలేదు. చివరికి పోప్ 13వ గ్రెగొరీ ముందుకొచ్చి పెద్ద భవనం కట్టించి, ఆదాయం ఏర్పాటు చేశారు. 1584లో తరగతులు అందులోకి మారాయి. ‘గ్రెగోరియన్’ అన్న పేరు ఆయనదే.

మన గోడ మీది ఇంగ్లీషు క్యాలెండర్ కూడా ఆ గ్రెగొరీ పేరు మీదే ఉంది. పాత క్యాలెండర్ ఋతువులతో 10 రోజులు తేడా పడితే, 1582లో అక్టోబర్ 4 మర్నాడే అక్టోబర్ 15 అని ప్రకటించారు. లెక్క కట్టినది లిలియస్ అనే వైద్యుడు. దాన్ని పరిశీలించి, ఆక్షేపణలకు జవాబు చెప్పి నిలబెట్టినది ఈ కళాశాల గణిత అధ్యాపకుడు క్లావియస్. ఆయన దగ్గర చదువుకున్న మత్తయో రిచ్చి మన గోవా, కొచ్చిన్‌ల మీదుగా చైనా వెళ్లి, అక్కడి పండితుడు షూ గ్వాంగ్‌ఛీతో కలిసి 1607లో యూక్లిడ్ రేఖాగణితంలో మొదటి ఆరు భాగాలను చైనా భాషలోకి తెచ్చారు. మూలంగా తీసుకున్నది తన గురువు ప్రతినే.

వంతెనల డిజైను నా వృత్తి. కాబట్టి నాకు ఎక్కువ ఇష్టమైనది 1742 నాటి సంగతి. సెయింట్ పీటర్స్ చర్చి గోపురం పగుళ్లు బారింది. పోప్ 14వ బెనెడిక్ట్ ముగ్గురు గణితవేత్తలను పిలిపించారు. వారిలో బోస్కోవిచ్ ఈ కళాశాల ఆచార్యుడు. గోపురం తన బరువుకే అంచు దగ్గర బయటికి నెట్టుకుంటోందని వాళ్లు లెక్క వేసి చూపించి, ఇనుప వలయాలు బిగించాలన్నారు. బండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా వేస్తాడే, అదే ఉపాయం. ఆ తర్వాత పోలెనీ అనే ఆచార్యుడూ పరీక్షించాక వలయాలు వేశారు. ఒక కట్టడం భద్రతను లెక్కతో తేల్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. నేను ఆ గోపురం కింద నిలబడినప్పుడు బొమ్మలకంటే ముందు ఆ పట్టాలే గుర్తొచ్చాయి.

ఈ చరిత్రలో మచ్చ లేకపోలేదు. 1611లో గెలీలియో దూరదర్శినిలో చూసినవి నిజమేనని ఈ కళాశాల పండితులు ఒప్పుకుని ఆయన్ను సత్కరించారు. అయిదేళ్లకే, భూమి తిరుగుతోందన్న వాదన వదులుకోమని ఆయన్ను హెచ్చరించిన కార్డినల్ బెల్లార్మిన్, ఒకప్పుడు ఇదే కళాశాలకు రెక్టర్. కళ్లతో చూసి ఒప్పుకున్నవాళ్లకు కూడా నోరు విప్పడం వేరే సంగతి.

1773లో పోప్ జెస్యూట్ సభనే రద్దు చేశారు. కళాశాల మళ్లీ వాళ్ల చేతికి రావడానికి 1824 దాకా పట్టింది. కళాశాల చర్చికి గోపురం కట్టలేక పైకప్పుకు గోపురం బొమ్మ గీయించారు. అసలు గోపురం కోసం లేపిన స్తంభాల మీద 19వ శతాబ్దంలో ఫాదర్ సెక్కి వేధశాల కట్టి, నక్షత్రాలను వాటి వెలుగు వర్ణపటాన్ని బట్టి తరగతులుగా విభజించారు. 1870లో రోమ్ ఇటలీలో కలిశాక ప్రభుత్వం భవనాన్ని తీసుకుంది. విద్యాలయం వేరే చోటికి మారి, 1930 నుంచి పిలోత్తా కూడలిలో నడుస్తోంది. పాత భవనంలో ఇప్పుడు ఒక ప్రభుత్వ హైస్కూలు ఉంది. గోపురాలూ నక్షత్రాలూ అయ్యాక, ఆ ఆవరణ తిరిగి పిల్లలకే దక్కింది.

ఇప్పుడు గ్రెగోరియన్‌లో ఫీజు ఉంది. పేద దేశాల నుంచి వచ్చేవారిలో చాలామందికి దాతల స్కాలర్‌షిప్పులే ఆధారం. అంటే 1551 నాటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది: కట్టలేనివాడి తరఫున ఎవరు కడతారు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. పదో తరగతిలో పబ్లిక్ పరీక్ష ఫీజు గడువు రోజు నేను బడికి వెళ్లలేదు. ఆ ఏడు మిరప పంట పోయింది, నాన్న దగ్గర డబ్బు లేదు. మర్నాడు ఆఫీసు గదికి పిలిచి చేతిలో రసీదు పెట్టారు. దాని మీద నా పేరే ఉంది. కట్టిందెవరని అడిగితే గుమస్తాగారు “వెళ్లి చదువుకోరా” అన్నారు. నలభై ఏళ్లు కావస్తోంది, నాకు ఇంకా తెలియదు. ఈ సావనీరు చదివేవాళ్లలో వారు ఉండవచ్చు, లేకపోనూవచ్చు.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. కట్టాలని తీర్మానిస్తే డిజైను నేనే ఉచితంగా చేసిపెడతాను. కానీ నన్నడిగితే ఆ డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీతో ఏటా కట్టలేని పిల్లల ఫీజులు కడదాం. రోమ్‌లో కట్టినాయన పేరు విశ్వవిద్యాలయానికే పెట్టారు. మనం మాత్రం రసీదు మీద పిల్లవాడి పేరు ఒక్కటే రాయిద్దాం.