జనాదరణ పాటల చార్టులు: నాటి, నేటి విజయాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా, బ్రిటన్ దేశాల పాప్ సంగీతచరిత్రలో విజయాన్ని కొలిచే ప్రధాన సాధనం వారపు చార్టు. ఇటీవలి సంవత్సరాలలో పాత రికార్డులు వరుసగా తుడిచిపెట్టుకుపోతున్నాయి. ఈ పరిణామం కళాకారుల స్థాయిలో వచ్చిన మార్పును సూచిస్తుందా, లేక కొలిచే విధానంలో వచ్చిన మార్పును సూచిస్తుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రధానప్రశ్న. 1940 నుండి నేటి వరకు చార్టుల నిర్మాణంలో వచ్చిన మార్పులను పరిశీలించి, ఏ అంశాలను తరాల మధ్య పోల్చవచ్చో, వేటిని పోల్చరాదో నిర్ధారించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: పాప్ సంగీతం, బిల్‌బోర్డ్, చార్టు, సింగిల్, స్ట్రీమింగ్, బీటిల్స్, గణనవిధానం.

1. ప్రవేశిక

1964 ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ 'హాట్ 100' చార్టులో మొదటి ఐదు స్థానాలూ బీటిల్స్ బృందానివే. అర్ధశతాబ్దానికి పైగా ఈ ఘనత మరెవ్వరికీ దక్కలేదు. 2021 సెప్టెంబరులో కెనడా గాయకుడు డ్రేక్ మొదటి ఐదు స్థానాలతో పాటు మొదటి పదింటిలో తొమ్మిదింటిని ఆక్రమించాడు. 2022 నవంబరులో టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలనూ తన పాటలతోనే నింపింది. 2024లో ఆమె మొదటి పద్నాలుగు స్థానాలనూ కైవసం చేసుకుంది.

ఈ అంకెలపై సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. నేటి కళాకారులు పూర్వులను మించిపోయారన్నది మొదటిది. నేటి అంకెలన్నీ ఉత్త గాలిబుడగలన్నది రెండవది. పరస్పరవిరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలకూ ఆధారం ఒక్కటే. పాతకాలపు చార్టు జనాదరణను ఉన్నదున్నట్టు కొలిచిందని రెండూ నమ్ముతున్నాయి. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ముందుగా పరిశీలించవలసి ఉంది.

2. చార్టుల ఆవిర్భావం

రికార్డులు ఇంటింటికీ చేరకముందు పాట విజయాన్ని అచ్చయిన స్వరపత్రాల అమ్మకంతో లెక్కించేవారు. పాట ఎవరు పాడారన్నదానికంటే ఎన్ని ఇళ్ళలోని పియానోల మీదికి చేరిందన్నదే ఆనాడు ముఖ్యం. బిల్‌బోర్డ్ పత్రిక 1940 జూలైలో రికార్డుల అమ్మకం ఆధారంగా జాతీయస్థాయి చార్టును ప్రారంభించింది. బ్రిటన్‌లో 1952 నవంబరు 14న 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' పత్రిక తొలి చార్టును ప్రకటించింది. పత్రిక ఉద్యోగి పెర్సీ డికిన్స్ సుమారు ఇరవై దుకాణాలకు ఫోన్ చేసి సేకరించిన వివరాలే దానికి ఆధారం. ఒక దేశం యావత్తూ ఇష్టపడిన పాటలుగా చరిత్రకెక్కినవి ఆ కొద్ది దుకాణాలు చెప్పిన పాటలే.

అమెరికాలో 1958 ఆగస్టు 4న మొదలైన 'హాట్ 100' రికార్డుల అమ్మకాన్నీ, రేడియో ప్రసారాన్నీ కలిపి ఒకే వరుసక్రమంగా మార్చింది. నేటికీ రికార్డుల పోలికలన్నీ ఈ తేదీ నుండే మొదలవుతాయి. ఎల్విస్ ప్రెస్లీ 1956, 1957 సంవత్సరాలలో సాధించిన గొప్ప విజయాలు ఈ లెక్కకు వెలుపల ఉండిపోవడానికి కారణం ఇదే.

3. దుకాణదారుని మాట: 1958–1991

ఈ మూడు దశాబ్దాలలో చార్టు నిజమైన అమ్మకాల లెక్క కాదు. ఎంపిక చేసిన దుకాణాలు తమ వద్ద బాగా అమ్ముడవుతున్న రికార్డుల వరుసను చెప్పేవి. రేడియో కేంద్రాలు తాము ప్రసారం చేస్తున్న పాటల జాబితాలను ఇచ్చేవి. ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయన్న కచ్చితమైన సంఖ్య అందులో ఉండేది కాదు. చెప్పేవారి అభిరుచికీ, మరపుకూ, ప్రలోభానికీ అవకాశం ఉండేది. పాటలు ప్రసారం చేయడానికి రేడియో వ్యాఖ్యాతలు రహస్యంగా సొమ్ము తీసుకునే 'పేయోలా' వ్యవహారంపై 1959–60లో అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపింది. ప్రసిద్ధ వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ ఆ ఉదంతంలో ఉద్యోగం కోల్పోయాడు. చార్టులో సగభాగమైన రేడియో ప్రసారం ఎంత బలహీనమైన పునాది మీద నిలిచిందో ఈ విచారణ బయటపెట్టింది.

జాతివివక్ష కూడా లెక్కలో చేరింది. నల్లజాతివారి సంగీతానికి బిల్‌బోర్డ్ 1942 నుండి వేరే చార్టు నడిపింది. కొంతకాలం దానిని 'రేస్ రికార్డులు' అన్న పేరుతో ప్రచురించి, 1949లో 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. 1963 నవంబరు చివర నుండి 1965 జనవరి వరకు ఆ చార్టును పూర్తిగా నిలిపివేసింది. బీటిల్స్ విజయగాథ మొదలైన కాలం సరిగ్గా ఇదే. ఆ పద్నాలుగు నెలలలో నల్లజాతి శ్రోతలు తమ పేటలలోని దుకాణాలలో ఏ పాటలను అందలమెక్కించారో చెప్పే బిల్‌బోర్డ్ లెక్క లేదు. లెక్కించని విజయాన్ని ఏ తరంతోనూ పోల్చలేము.

4. యంత్రగణన తెచ్చిన మార్పు

1991లో సౌండ్‌స్కాన్ విధానం వచ్చింది. దుకాణంలో బార్‌కోడ్ చదివే యంత్రం నమోదు చేసిన అమ్మకాలే అప్పటి నుండి ఆధారమయ్యాయి. మే నెలలో ఆల్బమ్ చార్టుకు, నవంబరులో 'హాట్ 100'కు ఈ పద్ధతి అమలైంది. ఫలితం వారాల వ్యవధిలోనే కనిపించింది. జూన్‌లో ర్యాప్ బృందం ఎన్.డబ్ల్యు.ఏ. ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ 'రోపిన్ ద విండ్' నేరుగా మొదటి స్థానంలో ప్రవేశించింది. శ్రోతల అభిరుచి ఒక్క వేసవిలో తలక్రిందులు కాలేదు. అంతకుముందు దుకాణదారుల నోట అంతగా వినబడని సంగీతం యంత్రానికి కనిపించింది.

పాటల ఆయుర్దాయం కూడా మారింది. 1958 నుండి 1991 వరకు 'హాట్ 100'లో ఏ పాటా పది వారాలకు మించి మొదటి స్థానంలో నిలవలేదు. 1992లో బాయ్జ్ టు మెన్ బృందం 'ఎండ్ ఆఫ్ ద రోడ్' పాటతో పదమూడు వారాలు నిలిచింది. దాని వెనువెంటనే విట్నీ హ్యూస్టన్ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' పద్నాలుగు వారాలు, 1995–96లో 'వన్ స్వీట్ డే' పదహారు వారాలు, 2019లో 'ఓల్డ్ టౌన్ రోడ్' పందొమ్మిది వారాలు మొదటి స్థానంలో కొనసాగాయి. దుకాణదారుడూ, రేడియో కేంద్రమూ కొత్త సరుకు కోసం పాతదానిని త్వరగా పక్కకు నెట్టడం సహజం. యంత్రానికి అటువంటి తొందర లేదు.

5. 'సింగిల్' నిబంధన

తరాల పోలికను అన్నింటికంటే ఎక్కువగా వక్రీకరించినది 'సింగిల్' నిబంధన. 1998 డిసెంబరు వరకు విడిగా అమ్మకానికి వచ్చిన సింగిల్ రికార్డుకు మాత్రమే 'హాట్ 100'లో స్థానం ఉండేది. 1967లో వెలువడిన బీటిల్స్ ఆల్బమ్ 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' నుండి ఆ సమయంలో ఒక్క సింగిల్ కూడా విడుదల కాలేదు. అందుచేత ఆ ఏడాది అత్యంత ప్రభావశీలమైన ఆల్బమ్‌లలోని ఒక్క పాట కూడా ఆనాటి పాటల చార్టులో లేదు. లెడ్ జెప్లిన్ బృందం 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' అమెరికాలో సింగిల్‌గా రాలేదు కనుక చార్టుకు ఎక్కలేదు. 1996–97లో నో డౌట్ బృందం 'డోంట్ స్పీక్' రేడియో ప్రసారాల చార్టులో పదహారు వారాలు అగ్రస్థానంలో ఉండి కూడా 'హాట్ 100'లో కనిపించలేదు.

నేటి నిబంధనలు 1967లో ఉండివుంటే ఆ ఆల్బమ్‌లోని పదమూడు పాటలలో అనేకం ఒకేసారి చార్టుకెక్కేవని ఊహించడం అసమంజసం కాదు. 2018 జూలైలో డ్రేక్ పాటలు ఇరవై ఏడు ఒకే వారంలో చార్టులో చేరడానికి దోహదపడినది ఈ స్వేచ్ఛే.

మరొక విషయం కూడా గమనార్హం. 1964లో మొదటి ఐదు స్థానాలలో నిలిచిన బీటిల్స్ పాటలు కాపిటల్, వీ-జే, టాలీ, స్వాన్ అన్న నాలుగు ముద్రల కింద వెలువడ్డాయి. తొలుత కాపిటల్ సంస్థ ఆ బృందం పాటలను తిరస్కరించడంతో హక్కులు చిన్న సంస్థల చేతికి వెళ్ళాయి. ఆదరణ రాగానే అన్నీ ఒక్కసారిగా మార్కెట్టును ముంచెత్తాయి. ఒకే సంస్థ ఉండివుంటే సింగిళ్ళను ఒకదాని తర్వాత ఒకటిగా ఎడంతో విడుదల చేసి ఉండేది. ఆ మహత్తర రికార్డులో జనాదరణ ఎంత ఉందో, వ్యాపారపు గందరగోళం కూడా కొంత ఉంది.

6. కొనుగోలు నుండి వినికిడికి

2005లో డౌన్‌లోడ్లు, 2012లో స్ట్రీమింగ్ సేవలు, 2013లో యూట్యూబ్ వీక్షణలు 'హాట్ 100' లెక్కలో చేరాయి. ఇది కేవలం సాంకేతికమైన చేర్పు కాదు. చార్టు కొలిచే వస్తువే మారింది. 1964లో ఒక యువతి రికార్డు కొని వేయిసార్లు విన్నా లెక్కలో ఒకటిగానే నమోదయ్యేది. నేడు ఆమె వేయిసార్లు వింటే వేయిగా నమోదవుతుంది. నాటిది కొనాలన్న నిర్ణయానికి లెక్క. నేటిది వినే అలవాటుకు లెక్క. వీరాభిమానుల చిన్న సమూహం నాటికంటే నేడు బలమైనది. అయితే చేతిలో డబ్బులేని పిల్లవాడు, పేదశ్రోత నాటి లెక్కలో లేనేలేరు. నేడు వారికీ చోటు దక్కింది. ఈ మార్పులో నష్టంతో పాటు న్యాయం కూడా ఉంది.

కాలంతో చార్టు సంబంధం కూడా మారింది. మరయా కేరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట 2019 డిసెంబరులో తొలిసారి మొదటి స్థానానికి చేరింది. విడుదలైన నాడు అమెరికాలో సింగిల్‌గా అమ్మకానికి రాలేదు కనుక దానికి అర్హతే లేదు. ఆ తర్వాత నిబంధన మారి అర్హత దొరికింది.

7. బ్రిటన్ నేర్పే పాఠం

నిబంధనల ప్రాబల్యానికి బ్రిటన్ స్పష్టమైన నిదర్శనం. అక్కడ 2014 జూలైలో నూరు వినికిళ్ళను ఒక కొనుగోలుగా లెక్కించడం మొదలైంది. 2017 మార్చిలో ఎడ్ షీరన్ పాటలు పదహారు మొదటి ఇరవై స్థానాలలో చేరాయి. కొత్తవారికి చోటు లేకుండా పోతుందన్న ఆందోళనతో ఆ జూలై నుండి ఒక ప్రధానగాయకునికి చార్టులో మూడు పాటలే అన్న పరిమితి విధించారు. అమెరికాలో అటువంటి పరిమితి లేదు. టేలర్ స్విఫ్ట్ మొదటి పది స్థానాలూ అమెరికాలో సాధించింది. బ్రిటన్‌లో అంతటి ఆదరణ ఉన్నా నిబంధనల ప్రకారం అది అసాధ్యం.

కేట్ బుష్ 1985లో విడుదల చేసిన 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక టెలివిజన్ ధారావాహిక మూలంగా 2022లో మళ్ళీ ప్రాచుర్యంలోకి వచ్చింది. బ్రిటన్ నిబంధనలు పాత పాటల వినికిళ్ళకు తక్కువ విలువనిస్తాయి. చార్టు నిర్వాహకులు ప్రత్యేక మినహాయింపు ఇచ్చిన తర్వాతే ఆ పాట జూన్‌లో మొదటి స్థానానికి చేరింది. ముప్పై ఏడేళ్ళనాటి పాట విజయాన్ని శ్రోతలతో పాటు నిర్వాహకుల తీర్పు కూడా నిర్ణయించింది.

తెలుగు చలనచిత్రరంగంలోనూ ఇదే స్వభావం కనిపిస్తుంది. ఒకనాడు తక్కువ ప్రింట్లతో విడుదలైన చిత్రానికి శతదినోత్సవమే గీటురాయి. నేడు వందలాది తెరలపై ఒకేసారి విడుదలయ్యే చిత్రానికి తొలి వారాంతపు వసూళ్ళే గీటురాయి. వంద రోజులు ఆడలేదు కనుక నేటి చిత్రాన్ని చిన్నదనడమూ, కోట్లు రాలేదు కనుక నాటి చిత్రాన్ని చిన్నదనడమూ సమానంగా పొరపాటే.

8. ముగింపు

ఈ పరిశీలన వలన మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఒకే నిబంధనల కింద, ఒకే కాలంలో పోటీపడిన పాటల మధ్య పోలిక చెల్లుతుంది. 1964లో బీటిల్స్ తమ సమకాలికులను ఎంత దూరం మించారో, 2022లో స్విఫ్ట్ తన సమకాలికులను ఎంత దూరం మించిందో విడివిడిగా చెప్పవచ్చు. రెండవది, ఒకే వారంలో ఎన్ని పాటలు చార్టుకెక్కాయి, ఎన్ని వారాలు నిలిచాయి అన్న లెక్కలు 1991, 1998, 2012 అన్న గట్లను దాటి పోల్చదగినవి కావు. మూడవది, పాత చార్టు స్వచ్ఛమైనదనీ, కొత్తది కలుషితమైనదనీ అనడం చరిత్రకు విరుద్ధం. పాతదానిలో దుకాణదారుని అంచనా, రేడియో లంచం, జాతివివక్ష ఉన్నాయి. కొత్తదానిలో పునరావృత శ్రవణం, వీరాభిమానుల సంఘటితబలం ఉన్నాయి.

రికార్డు బద్దలైందన్న వార్త వచ్చిన ప్రతిసారీ గాయకుని పేరుతో పాటు ఆనాటి గణననిబంధనను కూడా నమోదు చేయడం సంగీతచరిత్రకారుల బాధ్యత. ఆ వివరం లేకపోతే రేపటి పరిశోధకులకు అంకె మిగులుతుంది, దాని అర్థం మిగలదు. 1963–65 మధ్య ప్రచురణకు నోచుకోని చార్టు లోటును నేటికీ ఎవరూ పూర్తిగా పూడ్చలేకపోతున్నారు.