యామన్‌పల్లి తొడ ఎముక

విజయవాడ చుట్టూ కృష్ణ పరిచిన ఒండ్రు భూగర్భ కాలమానంలో నిన్నమొన్నటిది. డైనోసార్ కాళ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతకాలంటే ప్రాణహిత–గోదావరి లోయకే పోవాలి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కనీసం 12 డైనోసార్ల ఎముకలు దొరికాయి, పి. యాదగిరి 1988లో ఆ జాతికి కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని స్తంభాల్లాంటి కాళ్లు సారోపాడ్లనే పొడవు మెడ డైనోసార్ల తరహావే, కానీ తొడ ఎముక మీద పూర్వీకుల నాటి చిన్న కండర గుబ్బ ఇంకా మిగిలే ఉంది. కాలు ఒక్కసారిగా కాక విడతలుగా మారిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మరి పిండంలో ఆ కాలు ఎలా ఎదిగింది? రాతిలో పిండం లేదుగా, ఆ సంగతి ఎలా చెబుతారని అడగవచ్చు. నిజమే. అయితే కోడి పిండంలోనూ మొసలి పిండంలోనూ కాలి ఎముక ముందు మృదులాస్థిగా రూపుకట్టి, తర్వాతే గట్టిపడుతుంది. ఆ రెంటి ఉమ్మడి పూర్వీకుల వంశంలోదే కోటాసారస్ కనుక దానిదీ అదే దారి అనుకోవడం సబబు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వెళ్తే తొడ ఎముక దగ్గర కాసేపు ఆగండి.