అల్ వక్రాలో ఓడి గెలిచిన ఆట

అల్ వక్రా ఒకప్పుడు ముత్యాల వేటగాళ్ళ, జాలరుల ఊరు. అక్కడి అల్ జనూబ్ స్టేడియాన్ని వారి తెరచాప పడవల పోలికతోనే కట్టారు. 2019 డిసెంబరు 5న ఆ మైదానంలో ఖతార్, సౌదీ అరేబియా ఫుట్‌బాల్ జట్లు తలపడటం చిన్న విషయం కాదు.

2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఉన్న ఒక్క భూసరిహద్దూ మూతపడింది. దోహా నుంచి దుబాయిలోని చుట్టాలను చూడటానికి మనవాళ్ళూ మస్కట్ చుట్టి వెళ్ళవలసివచ్చింది.

ఆట అన్నివేళలా మందు కాదు. 2019 జనవరిలో అబూధాబిలో ఆసియా కప్ సెమీఫైనల్లో ఖతార్ 4-0తో ఎమిరేట్స్‌ను ఓడించినప్పుడు మైదానంలోకి చెప్పులు, సీసాలు వచ్చి పడ్డాయి. అయినా ఆ ఏడాది చివర ఖతార్‌లో జరిగే గల్ఫ్ కప్‌కు మొదట పేరివ్వని సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ నవంబరులో మనసు మార్చుకున్నాయి. వక్రా సెమీఫైనల్లో సౌదీ 1-0తో నెగ్గింది. ఇంటికి పిలిచి ఓడినా ఖతార్‌కు నష్టం లేదు. మూసిన వాకిలి కొంత తెరుచుకుంది.

2021 జనవరి 5న అల్ ఉలాలో రాజీ కుదిరింది. కుదిర్చినది కువైట్, అమెరికాల మధ్యవర్తిత్వమే గాని బంతి కాదు. కాని మాటలు లేని ఇరుగుపొరుగువారు కలుసుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి. ఆ సాకు ఆట ఇచ్చింది.