ప్రసంగం నడుమ గుర్తులు

ఎన్నికల ప్రసంగాన్ని విడమరచి చూడడం పిల్లలకు నేర్పాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1937లోనే న్యూయార్క్‌లో ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ వెలిసింది. బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ డబ్బిచ్చాడు, కొలంబియా టీచర్స్ కాలేజీకి చెందిన క్లైడ్ మిల్లర్ నడిపించాడు. వక్తలు వేసే ఎత్తులు ఏడని ఆ సంస్థ పత్రిక లెక్కతేల్చింది: ఎదుటివాడికి చెడ్డపేరు అంటగట్టడం, ఎవరూ కాదనలేని గొప్ప మాటలు వల్లించడం, జెండానో దేవుణ్నో అడ్డుపెట్టుకోవడం, పేరున్నవారి చేత చెప్పించడం, నేనూ మీలో ఒకణ్నేననడం, అనుకూలమైనవే ఏరి చూపడం, అందరూ ఇటే వస్తున్నారని తొందరపెట్టడం. లోకానికి గుర్తుండిపోయింది ఈ జాబితానే. నా దృష్టిలో అంతకన్నా విలువైన పని 1939లో జరిగింది. యూదులపై ద్వేషం నూరిపోస్తున్న మతగురువు చార్లెస్ కాగ్లిన్ రేడియో ప్రసంగాలను ఆల్ఫ్రెడ్ లీ, ఎలిజబెత్ లీ దంపతులు తమ పుస్తకంలో వాక్యం వాక్యంగా పరిశీలించారు. కిందికి దించిన బొటనవేలు, పాత బూటు, ఇస్పేటు ఆసు వంటి బొమ్మలను ఆ మాటల మధ్యనే అచ్చువేసి, ఏ ఎత్తు ఎక్కడ పడిందో చూపారు. ముక్కలు కాకుండా ప్రసంగమంతా చదవక తప్పని పద్ధతి అది.

జాబితా ఒక్కటే చాలదనడానికి మన చరిత్రే సాక్ష్యం. 1982లో ఎన్టీ రామారావు ఎత్తుకున్న ఆత్మగౌరవ నినాదం ఆ లెక్కన కాదనలేని గొప్ప మాటల గంపలో పడుతుంది. కానీ 1978 ఎన్నికల తర్వాత అయిదేళ్లు తిరక్కుండానే రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. బేగంపేట విమానాశ్రయంలో నాటి ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం జనం మనసులో పచ్చిగా ఉంది. ఈ నేపథ్యం తెలియని విద్యార్థి ఆ నినాదానికి పేరు పెట్టగలడు గానీ, దాని బలం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పలేడు. అదే ప్రచారంలోని రెండు రూపాయలకు కిలో బియ్యం హామీకి వేరే ప్రశ్నలు కావాలి: ఎందరికి, ఎంత ఖర్చుతో, ఏ పద్దు కింద?

ఇలా నేర్పితే పిల్లలు దేన్నీ నమ్మని వాళ్లవుతారన్న అభ్యంతరం న్యూయార్క్ సంస్థ నడిచిన రోజుల్లోనే వచ్చింది. ఎత్తుల పేర్లు మాత్రమే నేర్పితే ఆ ప్రమాదం నిజమే. అయితే ఒక హామీ నిలబడుతుందో లేదో బడ్జెట్టు ముందేసుకుని తేల్చుకున్న పిల్లవాడికి దేన్ని నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. ఆ సంస్థకు అసలు చిక్కు మరోచోట ఎదురైంది. అమెరికా యుద్ధంలో దిగిన కొద్ది వారాలకే, 1942 జనవరిలో, అది మూతపడింది. నిధుల కొరత ఒక కారణం. యుద్ధవేళ స్వదేశ ప్రచారాన్నీ అదే కొలతతో కొలవాల్సి రావడం ఇంకో కారణం. నాకు రెండోదే పెద్దదిగా కనిపిస్తుంది. పరాయివాళ్ల మాటలను విప్పి చూపినంత కాలం మెచ్చుకున్న సమాజం, తనవాళ్ల వంతు వచ్చేసరికి తట్టుకోవడం కష్టం. కాబట్టి మన ఉపాధ్యాయులకు నాదొక విన్నపం: తరగతిలో విప్పి చూపే మొదటి ప్రసంగం మీరు అభిమానించే నాయకుడిదే కానివ్వండి.